ఫైరింజన్ గేటు దాకా సరే, మన గది దాకా?

2025 జూన్ 13 రాత్రి దుబాయ్ మెరీనాలో 67 అంతస్తుల మెరీనా పినాకిల్ టవర్ అంటుకుంది. అందులో 764 ఫ్లాట్లు, 3,820 మంది మనుషులు. సివిల్ డిఫెన్స్ వాళ్లు ఆరు గంటలపాటు శ్రమించి మంటలార్పారు. అందరినీ క్షేమంగా బయటికి తెచ్చామని, ఎవరికీ గాయాలు కాలేదని దుబాయ్ మీడియా ఆఫీసు ప్రకటించింది.

అంతకు రెండేళ్ల ముందు, 2023 ఏప్రిల్ 15 మధ్యాహ్నం, దేరాలోని అల్ రాస్‌లో ఒక నివాస భవనం నాలుగో అంతస్తులో నిప్పంటుకుంది. 12 గంటల 35 నిమిషాలకు సివిల్ డిఫెన్స్‌కు కబురందింది. బండ్లు వచ్చాయి. 2 గంటల 42 నిమిషాలకు మంట అదుపులోకి వచ్చింది. కానీ అప్పటికే 16 మంది ప్రాణాలు పోయాయి. తొమ్మిది మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో కేరళవాళ్లు, తమిళనాడువాళ్లు ఉన్నారు. పాకిస్తాన్ వాళ్లున్నారు. అందరూ మనలాగే పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లే.

అదే ఊరు. అదే సివిల్ డిఫెన్స్. అవే బండ్లు, అదే శిక్షణ, అదే 997 నంబరు. ఒకచోట నాలుగు వేలమందికి దగ్గరగా ఉన్నా ఒక్కరికీ ఏమీ కాలేదు. ఇంకోచోట పదహారు శవాలు లేచాయి. ఈ తేడా ఎక్కడిది? ఈ ఊరి ఫైర్ సర్వీసు గొప్పదా కాదా అని క్యాంపుల్లో చర్చ వచ్చినప్పుడల్లా మనం అడగాల్సిన ప్రశ్న ఇదే.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, యూఏఈ సివిల్ డిఫెన్స్ చిన్నాచితకా శాఖ కాదు. 2015 డిసెంబర్ 31 రాత్రి, కొత్త సంవత్సరం వేడుకలకు లక్షలమంది బుర్జ్ ఖలీఫా చుట్టూ చేరిన వేళ, ఎదురుగా ఉన్న అడ్రెస్ హోటల్ భగభగా మండింది. టీవీలో చూసిన మనవాళ్లు ఇక ఎన్ని వందలమంది పోయారో అనుకున్నారు. కానీ హోటల్లో ఉన్నవాళ్లను బయటికి తేగలిగారు. మెరీనాలోని టార్చ్ టవర్ 2015 ఫిబ్రవరిలో ఒకసారి, 2017 ఆగస్టులో మరోసారి అంటుకుంది. రెండుసార్లూ ప్రాణనష్టం లేదు. షార్జా అల్ నహ్దాలో 2020 మే 5న 48 అంతస్తుల అబ్కో టవర్ అంటుకున్నా ఎవరూ చనిపోలేదు. ఇవి అదృష్టంతో జరిగే పనులు కావు.

ప్రాణాలిచ్చిన వాళ్లూ ఉన్నారు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వచ్చిన ఎమిరేట్స్ విమానం దుబాయ్ ఎయిర్‌పోర్టు రన్‌వే మీద కూలి మండిపోయింది. అందులో ఉన్న 300 మందీ బతికి బయటపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది మన భారతీయులే. ఆ మంటలు ఆర్పుతూ చనిపోయింది జాసిం అల్ బలూషీ అనే ఎమిరాతీ యువకుడు. ఆయన ఎయిర్‌పోర్టు ఫైర్ సర్వీసు మనిషి. మన దేశంవాళ్ల కోసం నిప్పులోకి నడిచిన ఆ మనిషిని మరచిపోయి ఈ విషయం మీద మాట్లాడటం ధర్మం కాదు.

సామాగ్రికీ లోటు లేదు. ఎత్తయిన భవనాల్లో మంటలార్పడానికి జెట్‌ప్యాక్‌లు, అంటే వీపుకు కట్టుకుని గాల్లోకి ఎగిరే యంత్రాలు తెప్పిస్తామని 2015 ఎయిర్‌షోలో దుబాయ్ సివిల్ డిఫెన్స్ ఒక న్యూజిలాండ్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ కంపెనీ తర్వాత మూతపడింది. అది వేరే సంగతి. ప్రపంచంలో కొత్త యంత్రం ఎక్కడ వచ్చినా ఇక్కడికి తేవాలన్న తపన ఈ శాఖకుంది.

వేగం విషయంలోనూ అంతే. యూఏఈ ప్రభుత్వం విజన్ 2021 లక్ష్యాల్లో అత్యవసర స్పందనకు 4 నిమిషాల గీత గీసుకుంది. అమెరికాలో ఫైర్ సర్వీసులకు ప్రమాణాలు రాసే సంస్థ కూడా స్టేషన్ నుంచి బయల్దేరిన మొదటి బండి 240 సెకన్లలో చేరాలంటుంది. అదీ 4 నిమిషాలే. మన దేశంలో లెక్క నగరాల్లో 5 నుంచి 7 నిమిషాలు, పల్లెల్లో 20 నిమిషాలు. కాబట్టి బండి ఎంత తొందరగా వస్తుందన్నదే పరీక్ష అయితే ఈ శాఖకు మంచి మార్కులే పడతాయి.

మరి 16 మంది ఎందుకు చనిపోయారు?

బండి గడియారం వేరు, నిప్పు గడియారం వేరు

ఫైర్ సర్వీసు గడియారం ఫోన్ మోగినప్పుడు మొదలవుతుంది. బండి గేటు ముందు ఆగినప్పుడు ఆగిపోతుంది. నిప్పు గడియారం అంతకు ముందే మొదలవుతుంది. బండి ఆగిన తర్వాత కూడా నడుస్తూనే ఉంటుంది.

ఒక గదిని తీసుకోండి. పరుపులు ఫోమ్‌వి. దుప్పట్లు పాలియెస్టర్. మంచాల చుట్టూ చాటు కోసం కట్టుకున్న తెరలు. మధ్యలో ప్లైవుడ్ పార్టిషన్. ఇలాంటి గదిలో మల్టీప్లగ్ దగ్గర నిప్పురవ్వ లేస్తే మూడు నుంచి ఐదు నిమిషాల్లో గదంతా ఒక్కసారిగా భగ్గుమనే స్థితికి వస్తుంది. పాతకాలం నూలు పరుపులు, కర్ర సామాన్లు ఉన్న గది అయితే ఇంకా చాలాసేపు పట్టేది. ఇప్పటి సామాను పెట్రోలు సంతతి. అంతసేపు ఆగదు.

అయితే మనిషిని ముందు చంపేది మంట కాదు, పొగ. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నాలుగు పీల్పుల్లో తల తిరుగుతుంది, కాళ్లు పనిచేయవు. మనిషి తలుపు దాకా వెళ్లలేక అక్కడే కూలబడతాడు. నిద్రలో ఉన్నవాడి సంగతి మరీ ఘోరం. నిద్రలో ముక్కు పనిచేయదు. పొగ వాసనకు మెలకువ వస్తుందనుకోవడం భ్రమ. చెవి మాత్రం పనిచేస్తుంది. అందుకే పొగ అలారం మోగాలి. పన్నెండు గంటల డ్యూటీ చేసి ఒళ్లు తెలియకుండా పడుకున్న మనిషికి ఆ చప్పుడు తప్ప వేరే దిక్కు లేదు.

ఇప్పుడు లెక్క వేయండి. మంట మొదలై ఎవరో ఒకరు చూసేసరికి రెండు నిమిషాలు. ముందు మనమే ఆర్పేద్దామని బకెట్ల కోసం పరుగు, రెండు నిమిషాలు. క్యాంపు బాస్‌కు ఫోన్ చేసి "ఏం చేయమంటారు" అని అడగడం, ఆయన ఫోన్ ఎత్తడం, మూడు నిమిషాలు. అప్పుడు 997. అడ్రెస్ చెప్పలేక తడబాటు ఒక నిమిషం. ఆ తర్వాత మొదలవుతుంది ఆ నాలుగు నిమిషాల గీత. బండి ఠంచనుగా నాలుగు నిమిషాల్లో వచ్చినా నిప్పు పుట్టి పన్నెండు నిమిషాలైంది. గేటు తాళం, అడ్డంగా నిలిపిన కంపెనీ బస్సులు, ఏ బ్లాకో తెలియని వాచ్‌మన్. ఇవన్నీ దాటుకుని మెట్లెక్కేసరికి ఇంకో నాలుగైదు నిమిషాలు. మూడో నిమిషంలో ప్రాణం పోయే చోట పదిహేడో నిమిషంలో వచ్చిన వీరుడు ఏం చేయగలడు?

ఇది ఈ దేశానికే పరిమితమైన సంగతి కాదు. లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయింది. రాత్రి 12 గంటల 54 నిమిషాలకు ఫోన్ వెళ్తే 12 గంటల 59 నిమిషాలకల్లా మొదటి బండ్లు వచ్చాయి. ఐదే ఐదు నిమిషాలు. అయినా 72 మంది చనిపోయారు. గోడలకు తొడిగిన మండే ప్యానెళ్లు, పొగతో నిండిన ఒకే ఒక్క మెట్లదారి, లోపలే ఉండమన్న సలహా. బండి వేగం వీటిని జయించలేకపోయింది.

మనవాళ్లు ఎక్కడెక్కడ పోయారు?

2008 ఆగస్టు 26న దుబాయ్ నైఫ్‌లో ఒక విల్లా కాలి 11 మంది చనిపోయారు. ఒక కుటుంబం ఉండాల్సిన ఇంట్లో చెక్క పార్టిషన్లు కొట్టి పెద్ద సంఖ్యలో కార్మికులను కుక్కారు. చనిపోయినవాళ్లలో భారతీయులున్నారు. 2015 ఫిబ్రవరి 20న అబుదాబి ముసఫ్ఫాలో రెండంతస్తుల భవనం కాలి పదిమంది పోయారు. కింద టైర్ల షాపులు, కార్ల రిపేరు షెడ్లు. పైన నిద్రపోతున్న కార్మికులు. 2023లో అల్ రాస్ సంగతి చెప్పుకున్నాం. ఆ భవనంలో భద్రతా నిబంధనలు పాటించలేదని ప్రాథమిక విచారణలో తేలినట్టు అధికారులే చెప్పారు. 2024 ఏప్రిల్ 4న షార్జా అల్ నహ్దాలో ఒక నివాస టవర్‌లో ఐదుగురు చనిపోయారు, 44 మంది గాయపడ్డారు.

పక్కనే ఉన్న కువైట్‌లో 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లోని ఒక కంపెనీ కార్మికుల భవనం అంటుకుంది. కింది అంతస్తులో గార్డు గది దగ్గర షార్ట్ సర్క్యూట్. పొగ మెట్లదారి పట్టుకుని పైకెక్కింది. జనం మేడ మీదికి పరుగెత్తితే అక్కడి తలుపుకు తాళం. గదుల మధ్య పార్టిషన్లు కూడా మండే సరుకే. దాదాపు 50 మంది పోయారు. మన వైమానిక దళం విమానం 45 మంది భారతీయుల శవపేటికలను కొచ్చికి మోసుకెళ్లింది. అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు.

ఇదంతా పరాయి దేశం కాబట్టి జరిగిందని అనుకునేవాళ్లకు మన హైదరాబాద్‌నే చూపిద్దాం. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోడౌన్ తగలబడింది. పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. కిందికి రావడానికి ఒకే మెట్లదారి. కిటికీలోంచి దూకిన ఒక్కడే బతికాడు. ముసఫ్ఫాలో మనం వలస కూలీలం, బోయిగూడలో వాళ్లు వలస కూలీలు. కింద సరుకు, పైన మనిషి. సరుకు కంటే మనిషి చవక అన్న లెక్క ఉన్నచోట ఊరి పేరు మారుతుంది తప్ప కథ మారదు.

ఈ దుర్ఘటనలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. చాలాచోట్ల కనిపించేవి అవే నాలుగు సంగతులు. పడుకోకూడని చోట పడుకోవడం, మండే పార్టిషన్లు, మెట్లదారిలోకి ఎక్కిన పొగ, తెరుచుకోని తలుపు. ఈ నాలుగింటినీ బండి రాకముందే సరిచేయాలి. బండి వచ్చాక సరిచేయడం ఎవరి తరమూ కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది.

టవర్‌కు వచ్చిన నిబంధన క్యాంపుకెందుకు చేరదు?

సివిల్ డిఫెన్స్ అంటే మంటలార్పేవాళ్లు అనే మనం అనుకుంటాం. అది సగం పనే. భవనాలకు భద్రతా అనుమతి ఇచ్చేది, తనిఖీ చేసేది, తప్పుంటే జరిమానా వేసేది కూడా వాళ్లే. ఆ రెండో సగం పనిలో కూడా ఈ శాఖ చేయగలదని చెప్పడానికి సాక్ష్యం ఉంది. 2012 నవంబర్‌లో జుమేరా లేక్ టవర్స్‌లో తమ్‌వీల్ టవర్ కాలినప్పటి నుంచి టవర్ల గోడలకు తొడిగే అల్యూమినియం ప్యానెళ్ల మీద చర్చ మొదలైంది. 2011లో వచ్చిన అగ్నిభద్రత కోడ్‌ను మళ్లీ రాసి 2017లో మరింత కఠినమైన నిబంధనలు ప్రకటించారు. భవనంలో అలారం మోగగానే ఎవరూ ఫోన్ చేయకుండానే కంట్రోల్ రూముకు సమాచారం చేరే హస్సన్‌తుక్ వ్యవస్థ తెచ్చారు.

చేయగలరు, చేశారు. కాకపోతే టవర్ కాలితే ప్రపంచమంతా ఫొటో వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు అడుగుతాయి, ఫ్లాటు కొన్నవాళ్లు అడుగుతారు. క్యాంపులో ఆరో నంబరు బ్లాకు, పదకొండో గది కాలితే అడిగేదెవరు?

చట్టం మన కోసం కూడా ఉంది. 50 మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న కంపెనీ నెలకు 1,500 దిర్హమ్‌లలోపు జీతగాళ్లకు వసతి ఇవ్వాలని, ఆ వసతిలో మనిషికి 3 చదరపు మీటర్లకు తక్కువ కాకుండా చోటుండాలని 2022 నాటి 44వ నంబరు మంత్రిత్వ ఉత్తర్వు చెబుతోంది. 3 చదరపు మీటర్లంటే మంచం వేశాక పక్కన నిలబడేంత చోటు. అది కూడా దక్కని గదులున్నాయని చదువుతున్న మీకు నేను చెప్పాలా?

విమానం సంగతి ఇందాక చెప్పుకున్నాం కదా. కొత్త రకం విమానాన్ని ప్రయాణికులకు ఇచ్చే ముందు, ఉన్న ద్వారాల్లో సగమే తెరిచి, లోపలున్న అందరూ 90 సెకన్లలో బయటపడగలరని రుజువు చేయాలి. మనం ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, నాలుగు గంటలు కూర్చునే విమానానికి ఆ పరీక్ష ఉంది. మనం రోజూ రాత్రి నిద్రపోయే క్యాంపు ఎన్ని సెకన్లలో ఖాళీ అవుతుందో ఎవరైనా కొలిచారా? డ్రిల్ జరిగినా ఎప్పుడు జరుగుతోంది? పగలు, జనమంతా సైటులో ఉన్నప్పుడు, వంటవాళ్లు, వాచ్‌మన్లు, సిక్ లీవులో ఉన్న నలుగురూ అసెంబ్లీ పాయింట్ దగ్గర నిలబడి ఫొటో దిగితే ఫైలు పూర్తయిపోతుంది.

తనిఖీ అంటే నిప్పు కంటే ఎక్కువ భయం

ఇంకో చేదు నిజం ఉంది. పార్టిషన్లలో, బెడ్ స్పేసుల్లో ఉండే మనవాళ్లకు నిప్పు కంటే తనిఖీ అంటేనే ఎక్కువ భయం. 2008లో నైఫ్ ప్రమాదం జరిగిన ఏడాది "ఒక విల్లాకు ఒక కుటుంబం" అని దుబాయ్ మునిసిపాలిటీ గట్టిగా అమలుకు దిగింది. 2025 జూన్‌లో రిగ్గా, మురఖ్ఖబాత్, సత్వా, బర్షా, రఫ్ఫా ప్రాంతాల్లో అనుమతి లేని పార్టిషన్ల మీద మళ్లీ దాడులు జరిగాయి. ఉద్దేశం మంచిదే. అగ్నిప్రమాదాలు ఆపడానికే అన్నారు, అదీ నిజమే. కానీ పార్టిషన్ పీకేస్తే అందులో ఉన్న మనిషి ఎక్కడికి పోతాడు? జీతంలో ఊరికి పంపగా మిగిలిన దానితో మరో వీధిలో మరో పార్టిషన్ వెతుక్కుంటాడు. ఈసారి ఇంకాస్త చాటుగా, ఇంకాస్త ఇరుకుగా.

వీసా సరిగా లేని కల్లివెల్లి కార్మికుల సంగతి మరీ ఘోరం. నిప్పంటుకున్నా 997కు ఫోన్ చేయడానికి చెయ్యి రాదు. ఫోన్ చేస్తే బండితో పాటు పోలీసులొస్తారన్న భయం. ఆ భయం ఖరీదు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల ఖరీదు పక్క గదిలో నిద్రపోతున్న అందరి ప్రాణాలు. ఫైర్ సర్వీసు సామర్థ్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ భయాన్ని కూడా లెక్కలో వేయాలి. మంటను చూసినవాడు ఏ జంకూ లేకుండా ఫోన్ చేయగలిగిన ఊళ్లోనే ఫైర్ సర్వీసు వేగం పనికొస్తుంది. "నిప్పు గురించి చెప్పినవాడిని ఏ కాగితమూ అడగం" అని అధికారులు ఒక్క మాట మన భాషల్లో ప్రకటిస్తే అది కొత్త బండి కొన్నంత పని చేస్తుంది.

మన వైపు నుంచి

అన్నీ వాళ్లే చేయాలని చేతులు కట్టుకు కూర్చుంటే ఎలా? కొన్ని పనులు మన చేతుల్లో ఉన్నాయి.

సిగరెట్ పొగకు, తాలింపు పొగకు మోగుతోందని స్మోక్ డిటెక్టర్‌కు ప్లాస్టిక్ కవరు కట్టే అలవాటు చాలా గదుల్లో ఉంది. అది కాపలా కుక్క నోరు కట్టేయడమే. కవరు కనిపిస్తే విప్పండి. విప్పితే గొడవ పడేవాడితో గొడవ పడండి. ఒకే మల్టీప్లగ్‌కు పది ఫోన్లు, రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె తగిలించకండి. ఎలక్ట్రిక్ సైకిలు, స్కూటరు బ్యాటరీలను రాత్రి మంచం పక్కన, తలుపు దగ్గర చార్జింగ్‌కు పెట్టి పడుకోకండి. ఆ బ్యాటరీ అంటుకుంటే బకెట్ నీళ్లకు లొంగదు. పైగా దారికి అడ్డంగా మండుతుంది. మెట్ల మీద చెప్పుల స్టాండులు, పాత పరుపులు, సైకిళ్లు ఉంచకండి. గదిలో గ్యాస్ సిలిండర్ పెట్టి చాటుగా వండుకోవడం మానండి.

అడ్రెస్ సంగతి అన్నిటికంటే ముఖ్యం. మనం సోనాపూర్ అంటాం, కాగితాల్లో అది ముహైస్నా 2. "ఫలానా కంపెనీ క్యాంపు, ఫలానా మసీదు వెనక" అంటే ఆ వెనక ఇరవై క్యాంపులుంటాయి. దుబాయ్‌లో ప్రతి భవనం గుమ్మం దగ్గర మకానీ నంబరని పది అంకెల బోర్డు ఉంటుంది. ఆ నంబరు చెబితే చాలు, సరిగ్గా ఆ గుమ్మం ఎక్కడుందో తెలిసిపోతుంది. ఈ రాత్రే ఆ నంబరు చూసి ఫోన్‌లో దాచుకోండి. గది తలుపు వెనక పెద్దగా రాసి అంటించండి. దాని కింద 997 అని రాయండి. వచ్చీరాని హిందీ అయినా ఫర్వాలేదు. "ఆగ్" అన్న మాట, ఆ పది అంకెలు, ఏ అంతస్తు, లోపల ఎంతమంది. ఇంతే చెప్పాలి. క్యాంపు బాస్‌కు ఆ తర్వాత చెప్పుకోవచ్చు. ముందు 997, తర్వాత బాస్. ఈ వరస తప్పకూడదు.

పొగ కమ్ముకుంటే నిలబడకండి, నేల మీద పాకండి. గాలి ఏమైనా మిగిలితే కిందే మిగులుతుంది. బయటికి వచ్చేటప్పుడు వెనక తలుపు మూయండి. మూసిన తలుపు వెనకవాళ్లకు కొన్ని నిమిషాల ఆయుష్షు. లిఫ్టు ఎక్కకండి. పాస్‌పోర్టు కాపీలకో, దాచుకున్న డబ్బులకో వెనక్కి వెళ్లకండి. కాగితం మళ్లీ ఇస్తారు.

మనం అడగాల్సినవి

ఈ దేశం మనకు అన్నం పెడుతోంది. ఆ కృతజ్ఞతతోనే, మర్యాదగానే ఈ అయిదు కోరికలు అధికారుల ముందు, మన కాన్సులేట్ ముందు, తెలుగు సంఘాల ముందు పెడుతున్నాం.

ఒకటి, క్యాంపుల తనిఖీ రాత్రి పదింటి తర్వాత జరగాలి. అందరూ గదుల్లో ఉన్నప్పుడే గదిలో ఎందరున్నారో, మెట్లు ఖాళీగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. ముందు కబురు చేసి వచ్చే తనిఖీకి క్యాంపు పెళ్లిపందిరిలా ముస్తాబవుతుంది.

రెండు, తనిఖీ ఫలితం గేటు మీద అంటించాలి. తేదీతో సహా, హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తెలుగు భాషల్లో. ఎన్ని లోపాలున్నాయి, ఎప్పటిలోగా సరిచేయాలి అన్నది అందులో పడుకునేవాడికి తెలియాలి. ఫైలులో ఉన్న లోపం యజమానికి మాత్రమే తెలుస్తుంది. గేటు మీద ఉన్న లోపం వందలమందికి తెలుస్తుంది.

మూడు, ఏడాదికి రెండుసార్లు రాత్రి డ్రిల్ జరగాలి. క్యాంపు మొత్తం ఖాళీ కావడానికి ఎంతసేపు పట్టిందో గడియారం పట్టుకుని కొలవాలి. బండి ఎంతసేపట్లో వచ్చిందన్న లెక్కతో పాటు ఈ లెక్క కూడా ప్రకటించాలి. అప్పుడే ఆ లెక్క మన లెక్క అవుతుంది.

నాలుగు, మేడ తలుపు, వెనక గేటు లోపలి నుంచి తాళం చెవి లేకుండా తెరుచుకునేలా ఉండాలి. దొంగతనం భయమంటే కెమెరా పెట్టుకోండి. మనుషులను లోపల పెట్టి తాళం వేయకండి. గేటు నుంచి బ్లాకుల దాకా బండి దారిలో బస్సులు నిలపకూడదు.

అయిదు, పార్టిషన్లు తీసేసేటప్పుడు అందులో ఉన్నవాళ్లకు గడువు, వేరే చోటు చూపాలి. జరిమానా అద్దె వసూలు చేసిన వాడి మీద పడాలి, అద్దె కట్టిన వాడి మీద కాదు.

వీటికి ఖర్చవుతుందని కంపెనీలంటాయి. మా లాభాలే అంతంతమాత్రం అని చిన్న కాంట్రాక్టర్లంటారు. ఈ మాటలో కొంత నిజం ఉండొచ్చు. కానీ పై అయిదింటిలో జెట్‌ప్యాక్ లేదు, హెలికాప్టర్ లేదు. ఒక బోర్డు, ఒక గడియారం, లోపలి నుంచి తెరుచుకునే ఒక గడియ, ఖాళీగా ఉంచిన ఒక దారి. వీటికి కావాల్సింది డబ్బు కంటే బుద్ధి. ఇక పొగ అలారాల ఖర్చంటారా, గదిలో ఉన్నవాళ్లు చందా వేసుకుని కొనుక్కోగలిగినంత చిన్న ఖర్చది. అయినా అది మన బాధ్యత కాదు, వసతి ఇచ్చినవాడి బాధ్యత. అడిగి తీసుకోవాలి.

ఒక్కడు అడిగితే బెదిరింపు వస్తుంది, మనకు తెలియంది కాదు. అందుకే గదివాళ్లంతా కలిసి అడగండి. తాళం వేసిన తలుపు, మూసేసిన మెట్లు ఫొటో తీసి ఉంచండి. వసతి ఫిర్యాదులకు కార్మిక మంత్రిత్వ శాఖ నంబరు 600590000. మన కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 80046342. మంట కనిపించిన క్షణంలో మాత్రం ఇవేవీ కావు, 997 ఒక్కటే.

సోదరులారా, ఈ ఊరి సివిల్ డిఫెన్స్‌కు మార్కులు వేయమంటే మెరీనా పరీక్షలో నూటికి నూరు వేయొచ్చు. అల్ రాస్ పరీక్షలో పోయింది వాళ్ల బండి కాదు, ఆ భవనం. ఆ భవనాన్ని అలా ఉండనిచ్చిన మనుషులు. అందుకే బండి ఎన్ని నిమిషాల్లో గేటుకు వచ్చింది అన్నది ఇక మనకు సరిపోదు. పై మంచం మీద పడుకున్నవాడు ఎన్ని నిమిషాల్లో గేటు బయటికి వచ్చాడు, అదీ కొలవండి. ఆ లెక్క బాగుపడిన రోజున ఈ శాఖ ప్రపంచంలోనే మొదటిదని మనమే చాటుదాం.